వ్యాధిని లెక్కించడం, స్క్రీనింగ్ పరీక్షను తూకం వేయడం: ఎపిడెమియాలజీ తొలి పాఠాలు

ఒక ప్రాంతంలో 120 మందికి, మరో ప్రాంతంలో 300 మందికి ఒకే జబ్బు వచ్చిందని చదివితే రెండోచోటే పరిస్థితి విషమించిందని మనసు వెంటనే తీర్పు చెప్పేస్తుంది. మొదటి ప్రాంత జనాభా 20,000 అనీ, రెండోదాని జనాభా 1,00,000 అనీ తెలిశాక ఆ తీర్పు తలకిందులవుతుంది. అక్కడ వెయ్యికి ఆరుగురు, ఇక్కడ వెయ్యికి ముగ్గురు. లవం ఎంత పెద్దదైనా హారం తెలియనిదే భిన్నం విలువ తెలియదని చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నాం. జనసమూహాల్లో ఏ వ్యాధి ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు వస్తుందో పరిశీలించే ఎపిడెమియాలజీ చాలావరకు ఆ హారాన్ని సరిగా ఎంచుకునే విద్యే. దగ్గర ఒక కాగితం, పెన్ను ఉంచుకుని చదివితే ఇక్కడి లెక్కలన్నీ మీరే వేసి చూసుకోవచ్చు. అలా చదవమనే నా విన్నపం.

ముందు నిర్వచనం, తరువాతే అంకె

లెక్క మొదలుపెట్టే ముందు కేసు అని దేన్ని పిలుస్తారో ఒక వాక్యంలో రాసుకోవాలి. "విరేచనాలైనవారు" అంటే సరిపోదు. "ఫలానా తేదీల మధ్య, ఫలానా ప్రాంతంలో నివసిస్తూ, 24 గంటల్లో మూడు లేదా అంతకుమించి నీళ్ల విరేచనాలైన, ఐదేళ్లు నిండినవారు" అని రాస్తే కాలం, స్థలం, వ్యక్తి, లక్షణం అన్నీ స్థిరపడతాయి. ఇద్దరు వేర్వేరు వ్యక్తులు లెక్కించినా ఒకే అంకె వచ్చే అవకాశం పెరుగుతుంది. నిర్వచనం మారితే వ్యాధి మారకుండానే అంకె మారుతుంది. 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మధుమేహ నిర్ధారణకు పరగడుపు రక్తంలో చక్కెర హద్దును డెసిలీటరుకు 140 మిల్లీగ్రాముల నుంచి 126కు తగ్గించింది. ముందురోజు వరకు 130 ఉన్న మనిషి ఆరోగ్యవంతుల వరుసలో ఉండి, ఆ మరునాడు ఒంట్లో ఏ మార్పూ లేకుండానే రోగుల జాబితాలో చేరాడు. అందువల్ల రెండు వేర్వేరు సంవత్సరాల అంకెలను పక్కపక్కన పెట్టే ముందు రెండింటికీ నిర్వచనం ఒకటేనా అని తప్పనిసరిగా చూడాలి.

హారంలో ఉండవలసింది ఆ వ్యాధి వచ్చే అవకాశం ఉన్నవారు మాత్రమే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రేటు కట్టేటప్పుడు పురుషులనూ, ఆపరేషన్ చేసి గర్భాశయాన్ని పూర్తిగా తొలగించిన స్త్రీలనూ హారంలో కలిపితే రేటు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. లవంలో లెక్కించిన ప్రతి వ్యక్తీ హారంలో కూడా ఉండాలి, హారంలోని ప్రతి వ్యక్తికీ లవంలోకి వచ్చే వీలుండాలి. ఈ రెండు షరతులూ నెరవేరాయో లేదో చూడటం ఏ నివేదిక చదివేటప్పుడైనా చేయవలసిన మొదటి పని.

ఈ శ్రద్ధ ఎంత దూరం తీసుకెళ్లగలదో 1854 నాటి లండన్ కలరా చెబుతుంది. జాన్ స్నో అనే వైద్యుడు బ్రాడ్ స్ట్రీట్‌లోని చేతిపంపు పిడిని తీయించిన సంగతే అందరూ చెప్పుకుంటారు కానీ, నా దృష్టిలో ఆయన చేసిన అంతకంటే గొప్ప పని దక్షిణ లండన్‌లో జరిగింది. అక్కడ రెండు కంపెనీల నీటి గొట్టాలు ఒకే వీధుల్లో పక్కపక్క ఇళ్లకు వెళ్లేవి. లాంబెత్ కంపెనీ 1852లో నీరు తోడుకునే చోటును థేమ్స్ నదిలో ఎగువకు మార్చుకుంది. సదర్క్ అండ్ వాక్సాల్ కంపెనీ మాత్రం నగరపు మురుగు కలిసే భాగం నుంచే తోడుతూ వచ్చింది. స్నో కలరా మరణాలు సంభవించిన ఇళ్లకు వెళ్లి, ఆ ఇంటికి వచ్చే నీరు ఏ కంపెనీదో అడిగి తెలుసుకున్నాడు. ఇంటివారికి తెలియనిచోట సిల్వర్ నైట్రేట్ వేసి నీటిలోని ఉప్పు పాలును బట్టి పోల్చుకున్నాడు. ఒక్కో కంపెనీ నీరు వాడే మనుషుల సంఖ్య తెలియదు కనుక ఇళ్ల సంఖ్యనే హారంగా తీసుకున్నాడు. సదర్క్ అండ్ వాక్సాల్ నీరు వాడిన 40,046 ఇళ్లలో 1,263 కలరా మరణాలు, లాంబెత్ నీరు వాడిన 26,107 ఇళ్లలో 98 మరణాలు. పదివేల ఇళ్లకు లెక్కగడితే మొదటిది 315, రెండోది 37. రాబర్ట్ కాక్ కలరా క్రిమిని వేరుచేసి చూపడానికి దాదాపు మూడు దశాబ్దాల ముందే, రెండు భాగహారాలతో ఆ వ్యాధి దారి బయటపడింది.

కొత్త కేసులు, ఉన్న కేసులు

ఒక నిర్ణీత కాలంలో కొత్తగా వచ్చిన కేసులను కొలిచేది ఇన్సిడెన్స్. ఒక నిర్ణీత సమయంలో పాతవీ కొత్తవీ కలిపి ఎన్ని కేసులున్నాయో కొలిచేది ప్రివలెన్స్. చెరువులోకి ఏడాదికి వచ్చి చేరే నీరు ఇన్సిడెన్స్ అయితే, ఈ రోజు చెరువులో నిలిచి ఉన్న నీరు ప్రివలెన్స్. కోలుకున్నవారు, మరణించినవారు తూముగుండా బయటికి వెళ్లే నీటివంటివారు. పరిస్థితి నిలకడగా ఉండి, వ్యాధి మరీ సర్వసాధారణం కానప్పుడు ప్రివలెన్స్ సుమారుగా ఇన్సిడెన్స్‌ను వ్యాధి సగటు కాలంతో గుణించినంత ఉంటుంది. ఏడాదికి వెయ్యికి ఇద్దరికి కొత్తగా వచ్చే వ్యాధి సగటున పదేళ్లు ఉంటే వెయ్యికి 20 మంది రోగులు కనిపిస్తారు. మంచి మందు వచ్చి వారు ఇరవయ్యేళ్లు బతకగలిగితే, కొత్తగా వచ్చేవారి సంఖ్య మారకపోయినా, రోగుల సంఖ్య క్రమేణా వెయ్యికి 40కి చేరుతుంది. 1990ల మధ్యలో శక్తిమంతమైన ఔషధ మిశ్రమాలు వచ్చాక హెచ్‌ఐవితో జీవిస్తున్నవారి సంఖ్య పెరగడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ప్రివలెన్స్ పెరిగిందంటే వ్యాధి విజృంభిస్తోందని భయపడే ముందు చెరువులోకి వచ్చే నీరు పెరిగిందా, తూము సన్నబడిందా అని అడగాలి.

ఇన్సిడెన్స్‌ను లెక్కించడంలో ఒక చిక్కుంది. ఏళ్ల తరబడి గమనించే అధ్యయనంలో అందరూ చివరిదాకా ఉండరు. ఐదుగురిని ఐదేళ్లు గమనించాలని మొదలుపెట్టారనుకోండి. ఇద్దరు ఐదేళ్లూ ఆరోగ్యంగా ఉన్నారు, ఒకరికి మూడేళ్లకు వ్యాధి వచ్చింది, ఒకరు రెండేళ్లకే ప్రాంతం విడిచి వెళ్లిపోయారు, మరొకరికి ఏడాదికే వ్యాధి వచ్చింది. ఒక్కొక్కరు వ్యాధి లేకుండా మన దృష్టిలో ఉన్న కాలాన్ని కూడితే 5, 5, 3, 2, 1 కలిపి 16 వ్యక్తి-సంవత్సరాలు. కేసులు రెండు. కాబట్టి రేటు 100 వ్యక్తి-సంవత్సరాలకు 12.5. మధ్యలో వెళ్లిపోయిన మనిషి ఇచ్చిన రెండేళ్ల సమాచారాన్ని పారేయకుండా, లేని మూడేళ్లను ఆయనకు అంటగట్టకుండా చేసిన న్యాయమైన లెక్క ఇది.

మరణాల విషయంలో రెండు హారాలను కలగాపులగం చేయడం తరచుగా చూస్తాం. మరణాల రేటుకు హారం మొత్తం జనాభా, కేసు మరణ నిష్పత్తికి హారం ఆ వ్యాధి సోకినవారు మాత్రమే. లక్షణాలు బయటపడ్డ తరువాత రేబీస్ దాదాపు ప్రతి ఒక్కరినీ బలిగొంటుంది; అయినా జనాభా మొత్తంమీద లెక్కిస్తే అది చాలా చిన్న భిన్నమే. కొత్త అంటువ్యాధి మొదలైన వారాల్లో కేసు మరణ నిష్పత్తిని నమ్మకంగా చెప్పడం కష్టం. స్వల్ప లక్షణాలున్నవారు లెక్కకు చిక్కకపోతే నిష్పత్తి పెరిగి కనిపిస్తుంది, ఇంకా చికిత్సలో ఉన్నవారి సంగతి తేలకముందే భాగహారం చేస్తే తగ్గి కనిపిస్తుంది. 2003లో సార్స్ విషయంలో మొదట వినిపించిన అంచనా 4 శాతం దరిదాపుల్లో ఉండగా, చివరకు 8,096 కేసుల్లో 774 మరణాలతో అది 9.6 శాతానికి చేరింది.

పోల్చడం

ఒక విందు తరువాత కొందరు జబ్బుపడ్డారు. ఫలానా వంటకం తిన్న 60 మందిలో 48 మందికి, తినని 40 మందిలో ఆరుగురికి జబ్బు చేసింది. మొదటివారిలో ముప్పు 80 శాతం, రెండోవారిలో 15 శాతం. ఒకదానితో మరొకదాన్ని భాగిస్తే 5.3 వస్తుంది, ఇది సాపేక్ష ముప్పు, కారణాన్ని వెతికేటప్పుడు ఉపయోగపడుతుంది. ఒకదానిలోంచి మరొకదాన్ని తీసివేస్తే 65 వస్తుంది. ఇది ముప్పులోని తేడా, నివారణ వల్ల ఎంతమందికి మేలు జరుగుతుందో చెబుతుంది. వెయ్యిలో ఇద్దరికి వచ్చే జబ్బును ఒక మందు వెయ్యిలో ఒక్కరికి తగ్గిస్తే "ముప్పు 50 శాతం తగ్గింది" అనడం అబద్ధం కాదు కానీ, ఒక్కరిని కాపాడటానికి వెయ్యిమంది ఆ మందు వాడవలసి ఉంటుందన్న మాట దానితోపాటు చెప్పకపోతే అది సగం నిజమే అవుతుంది. ఎవరు ఏ శాతం చెప్పినా ఏ అంకె నుంచి ఏ అంకెకు తగ్గిందో అడిగి రాసుకోండి.

కొన్నిసార్లు హారమే దొరకదు. రోగులనూ, రోగం లేనివారినీ విడివిడిగా ఎంచుకుని వారి గతాన్ని విచారించే అధ్యయనాల్లో జనాభా రేటు తెలియదు కనుక ఆడ్స్ నిష్పత్తిని లెక్కగడతారు. ఒక బృందంలో ఆ అలవాటు ఉన్నవారిని లేనివారితో భాగిస్తే వచ్చేది ఆడ్స్, రోగుల ఆడ్స్‌ను రోగం లేనివారి ఆడ్స్‌తో భాగిస్తే వచ్చేది ఆడ్స్ నిష్పత్తి. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ ప్రచురించిన అధ్యయనంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 649 మంది పురుషుల్లో 647 మంది, ఇతర జబ్బులున్న 649 మంది పురుషుల్లో 622 మంది పొగతాగేవారు. శాతాలు చూస్తే 99.7, 95.8, పెద్ద తేడా లేనట్టే ఉంటుంది. పొగతాగనివారి వైపునుంచి చూడండి: ఒకచోట ఇద్దరు, మరోచోట 27 మంది. 647ను 27తో గుణించి, 2ను 622తో గుణించగా వచ్చిన దానితో భాగిస్తే సుమారు 14 వస్తుంది. ఇదే ఆ ఆడ్స్ నిష్పత్తి.

వయసు వంటి మూడో అంశం పోలికను పాడుచేయగలదు. వృద్ధులు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో మరణాల రేటు సహజంగానే ఎక్కువ ఉంటుంది కనుక, రెండు ప్రాంతాల వయోవర్గాల రేట్లను ఒకే ప్రామాణిక జనాభాకు వర్తింపజేసి అప్పుడు పోల్చాలి.

నాలుగు గడుల పట్టిక

స్క్రీనింగ్ అంటే ఏ లక్షణాలూ లేనివారిలో, తాము ఆరోగ్యంగా ఉన్నామనుకునేవారిలో, వ్యాధి ఉండే అవకాశం ఎక్కువగా ఉన్నవారిని ఏరడం. అది వ్యాధి నిర్ధారణ కాదు. ఈ రెంటి మధ్య భేదం చెరిగిపోయినచోటల్లా మనుషులు అనవసరంగా భయానికీ, చికిత్సకూ గురవుతారు.

కాగితంమీద నాలుగు గడులు గీయండి. నిలువు వరుసలకు "వ్యాధి ఉంది", "వ్యాధి లేదు" అనీ, అడ్డు వరుసలకు "పాజిటివ్", "నెగటివ్" అనీ పేర్లు పెట్టండి. 10,000 మందిని పరీక్షిస్తున్నారనీ, వారిలో 1 శాతానికి, అంటే 100 మందికి, వ్యాధి ఉందనీ అనుకుందాం. వ్యాధి ఉన్నవారిలో ఎంతమందిని పరీక్ష పట్టుకుంటుందో చెప్పేది సెన్సిటివిటీ. అది 90 శాతమైతే 90 మంది పాజిటివ్, 10 మంది తప్పుడు నెగటివ్. వ్యాధి లేనివారిలో ఎంతమందిని లేదని సరిగా చెబుతుందో తెలిపేది స్పెసిఫిసిటీ. అది 95 శాతమైతే 9,900 మందిలో 9,405 మంది నెగటివ్, 495 మంది తప్పుడు పాజిటివ్. ఇంతవరకు లెక్కలన్నీ నిలువుగా సాగాయి. ఫలితం చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషి అడిగే ప్రశ్న మాత్రం అడ్డంగా ఉంటుంది: "నాకు పాజిటివ్ వచ్చింది, వ్యాధి ఉన్నట్టేనా?" పాజిటివ్ వచ్చినవారు మొత్తం 585, అందులో నిజంగా వ్యాధి ఉన్నవారు 90. అంటే 15.4 శాతం. దీన్ని పాజిటివ్ ప్రిడిక్టివ్ విలువ అంటారు. నెగటివ్ వచ్చిన 9,415 మందిలో 9,405 మందికి, అంటే 99.9 శాతానికి, నిజంగానే వ్యాధి లేదు.

అదే పరీక్షను వ్యాధి 20 శాతం మందిలో ఉన్న సమూహంలో చేసి చూడండి. 2,000 మంది రోగుల్లో 1,800 మంది, 8,000 మంది ఆరోగ్యవంతుల్లో 400 మంది పాజిటివ్ అవుతారు. ఈసారి పాజిటివ్ ప్రిడిక్టివ్ విలువ 81.8 శాతం. పరీక్ష మారలేదు, హారం మారింది. లక్షణాలతో వచ్చే రోగుల్లో చక్కగా పనిచేసిన పరీక్ష సాధారణ జనంలో ఎందుకు అంతగా పొరబడుతుందో ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

ఇది చదువుకున్నవారికి కూడా సహజంగా తోచే విషయం కాదు. 1978లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో హార్వర్డ్ బోధనాసుపత్రుల్లోని 60 మంది వైద్యులను, విద్యార్థులను ఒక ప్రశ్న అడిగారు: వెయ్యిలో ఒకరికి ఉండే వ్యాధికి 5 శాతం తప్పుడు పాజిటివ్‌లు ఇచ్చే పరీక్షలో పాజిటివ్ వచ్చిన వ్యక్తికి వ్యాధి ఉండే అవకాశమెంత? దాదాపు సగంమంది 95 శాతం అన్నారు. సరైన జవాబు సుమారు 2 శాతం. అది చెప్పినవారు 11 మంది. అందుకే రోగికి వివరించేటప్పుడు శాతాలు వదిలేసి తలల లెక్క చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. మన మొదటి పట్టికలో పాజిటివ్ వచ్చిన మనిషికైతే ఇలా: "మీలాగే పాజిటివ్ వచ్చినవారు వందమంది ఉంటే, వారిలో సుమారు పదిహేనుమందికే ఈ వ్యాధి ఉంటుంది, మీరు ఏ వైపున్నారో తేల్చడానికి మరో పరీక్ష చేద్దాం."

ఆ మరో పరీక్ష ఏం చేస్తుందో కూడా కాగితంమీద చూడవచ్చు. మొదటి లెక్కలోని 585 మందికి 90 శాతం సెన్సిటివిటీ, 98 శాతం స్పెసిఫిసిటీ ఉన్న రెండో పరీక్ష చేస్తే నిజమైన రోగుల్లో 81 మంది, ఆరోగ్యవంతుల్లో సుమారు 10 మంది పాజిటివ్‌గా మిగులుతారు. ప్రిడిక్టివ్ విలువ 89 శాతానికి ఎగబాకుతుంది. దానికి చెల్లించే మూల్యం, చేజారిన రోగుల సంఖ్య 10 నుంచి 19కి పెరగడం. రెండు పరీక్షలూ ఒకే కారణంతో పొరబడేవైతే ఇంత లాభం కూడా దక్కదు.

రక్తంలో చక్కెర వంటి కొలతల్లో హద్దు ఎక్కడ గీయాలన్నది మనం చేసే ఎంపిక. హద్దు తగ్గిస్తే సెన్సిటివిటీ పెరిగి స్పెసిఫిసిటీ తగ్గుతుంది, పెంచితే అందుకు విరుద్ధంగా జరుగుతుంది. దానం చేసిన రక్తాన్ని పరీక్షించేటప్పుడు ఒక్క కలుషితమైన సీసా కూడా దాటిపోకూడదు కనుక సెన్సిటివిటీకే మొగ్గుచూపాలి, కొన్ని మంచి సీసాలు వృథా అయినా సరే. పాజిటివ్ అనగానే ప్రమాదకరమైన శస్త్రచికిత్స చేయవలసివచ్చే చోట స్పెసిఫిసిటీకి విలువ ఎక్కువ.

పరీక్షపై ముద్రించిన అంకెలను కూడా ఎంతమందిలో, ఎటువంటివారిలో అని అడగాలి. ముదిరిన రోగులలోనే పరీక్షించి చూస్తే సెన్సిటివిటీ ఎక్కువగా వస్తుంది. పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకున్నా, వెయ్యిలో 900 మందిని పట్టుకున్నా 90 శాతమే. కానీ మొదటి సందర్భంలో 95 శాతం విశ్వాస అవధి, అంటే అసలు విలువ ఉండగల పరిధి, సుమారు 55 నుంచి 99 పైదాకా, రెండోదానిలో 88 నుంచి 92 దాకా ఉంటుంది.

ముందుగా కనిపెట్టడం మేలు చేసిందా?

ఒక వ్యక్తికి 67వ ఏట లక్షణాలు కనిపించి క్యాన్సర్ బయటపడింది, 70వ ఏట మరణించాడు. అదే వ్యక్తికి 60వ ఏటే స్క్రీనింగ్‌లో బయటపడి, చికిత్స వల్ల ఏమీ ఒరగక, 70వ ఏటే మరణించాడనుకోండి. మొదటి సందర్భంలో ఆయన ఐదేళ్లు బతకలేదు, రెండోదానిలో పదేళ్లు బతికాడు. ఇటువంటివారందరినీ కలిపితే ఐదేళ్ల మనుగడ రేటు సున్నా నుంచి 100 శాతానికి చేరుతుంది, ఒక్క రోజు ఆయువు కూడా పెరగదు. ఇది లీడ్ టైమ్ పొరపాటు. దీనికి తోడు, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చేసే పరీక్షకు నెమ్మదిగా పెరిగే కణితులే ఎక్కువగా చిక్కుతాయి. చకచకా ముదిరేవి రెండు పరీక్షల మధ్యలోనే లక్షణాలతో బయటపడతాయి. స్క్రీనింగ్‌లో దొరికినవారు ఎక్కువకాలం బతుకుతున్నారన్న మాటలో ఈ రెండూ ఎంతెంత కలిశాయో మనుగడ రేటును చూసి చెప్పలేం.

ఎన్నడూ హాని చేయని కణితిని కనిపెట్టి చికిత్స చేయడం మరో ప్రమాదం. దక్షిణ కొరియాలో 1999లో జాతీయ క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలైనప్పుడు, ఆ జాబితాలో లేకపోయినా మెడకు అల్ట్రాసౌండ్ చేయడం వాడుకైంది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణ రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ క్యాన్సర్ మరణాల రేటు మాత్రం మారలేదు. కొత్తగా దొరికినవారిలో అత్యధికులు శస్త్రచికిత్స చేయించుకున్నారు, చాలామంది జీవితాంతం హార్మోను మాత్రలు వాడవలసి వచ్చింది. ఈ మనుషుల బాధ ఏ మనుగడ పట్టికలోనూ విజయంగా తప్ప మరోలా నమోదు కాదు. అందుకే ఈ అధ్యాయాన్ని తేలిగ్గా దాటిపోకూడదంటాను.

కాబట్టి చూడవలసింది మనుగడ రేటును కాదు, మరణాల రేటును. అదీ యాదృచ్ఛికంగా రెండు బృందాలుగా విడదీసిన ప్రయోగంలో. 2011లో ఫలితాలు వెలువడిన అమెరికా జాతీయ ఊపిరితిత్తుల స్క్రీనింగ్ ప్రయోగంలో ఏళ్ల తరబడి విపరీతంగా పొగతాగిన, 55 నుంచి 74 ఏళ్ల వయసున్న 53,454 మంది పాల్గొన్నారు. తక్కువ మోతాదు సీటీ స్కాన్ చేసినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు లక్ష వ్యక్తి-సంవత్సరాలకు 247, ఛాతీ ఎక్స్‌రే తీసినవారిలో 309. అంటే 20 శాతం తగ్గుదల. ఇది నిజమైన మేలు. అదే ప్రయోగంలో సీటీ స్కాన్ ఫలితాల్లో 24.2 శాతం పాజిటివ్‌గా రాగా, ఆ పాజిటివ్‌లలో 96.4 శాతం క్యాన్సర్ కానివని తేలాయి. ఈ రెండు వాక్యాలనూ కలిపి చెప్పిన తరువాతే ఎవరినైనా పరీక్షకు సిద్ధపడతారా అని అడగడం న్యాయం.

ఒక స్క్రీనింగ్ కార్యక్రమం చేపట్టదగినదో కాదో నిర్ణయించడానికి 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ రాసిన పది సూత్రాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. వాటిలో నేను మొదట చూసేది, లక్షణాలు కనిపించకముందే గుర్తించగల దశ ఒకటి ఉండి, ఆ దశలో అంగీకారయోగ్యమైన చికిత్స అందుబాటులో ఉందా అన్నది. ఆహారంలోని ఫీనైల్‌అలనిన్ అనే పదార్థాన్ని శరీరం సరిగా విచ్ఛిన్నం చేయలేని, పుట్టుకతో వచ్చే వ్యాధి ఫీనైల్‌కీటోన్యూరియా. నవజాత శిశువుల్లో దానికోసం చేసే పరీక్ష ఈ షరతును చక్కగా తీరుస్తుంది. 1960ల తొలినాళ్లలో రాబర్ట్ గుత్రీ రూపొందించిన పద్ధతిలో బిడ్డ మడమ నుంచి తీసిన కొద్ది చుక్కల రక్తం చాలు. వ్యాధి చాలా అరుదైనదే, తప్పుడు పాజిటివ్‌లు తప్పవు, అయినా మరో రక్తపరీక్షతో సంగతి త్వరగా తేలిపోతుంది, ఫీనైల్‌అలనిన్ తక్కువగా ఉన్న ఆహారం తొలి రోజుల నుంచే ఇస్తే తీవ్రమైన బుద్ధిమాంద్యం రాకుండా ఆపవచ్చు.

కార్యక్రమం మొదలయ్యాక కూడా లెక్క ఆగకూడదు. పాజిటివ్ వచ్చినవారు ఎలాగూ తదుపరి పరీక్షలకు వస్తారు కనుక తప్పుడు పాజిటివ్‌లు వాటంతట అవే బయటపడతాయి. నెగటివ్ వచ్చినవారు ఇంటికి వెళ్లిపోతారు. వారిలో ఎవరికి వ్యాధి ఉండి తప్పిపోయిందో ఆ రోజు ఎవరికీ తెలియదు. పరీక్షించిన ప్రతి ఒక్కరి పేరునూ వ్యాధి నమోదు పట్టికతో కలిపి చూసి, తరువాతి విడత పరీక్షకు ముందే లక్షణాలతో బయటపడిన కేసులు ఎన్నో ఏటేటా లెక్కించే ఏర్పాటు ఉన్నప్పుడే నాలుగు గడుల పట్టికలోని తప్పుడు నెగటివ్‌ల గడి నిండుతుంది. అది ఖాళీగా ఉన్నంతకాలం ఆ కార్యక్రమం ప్రకటించే సెన్సిటివిటీకి హారం లేనట్టే.